సీసా మీది చాటువు

మన ఆలంకారికులు వ్యాజస్తుతి అని ఒక అలంకారాన్ని చెప్పినారు. పైకి పొగడ్త, లోపల తెగడ్త. అనగా పొగిడేవాని గొంతు అరువు తెచ్చుకొని నిందించడమన్నమాట. నేడు మన చెవిలో ఎడతెగకుండా పొగిడేవాడు ఎవడు? వ్యాపార ప్రకటన రాసేవాడు. ఆ గొంతును అరువు తెచ్చుకొన్న చిత్రకారులు బయలుదేరడంలో వింత ఏమున్నది?

అమెరికాలో బార్బరా క్రూగర్ అటువంటి కళాకారిణి. ఒక స్త్రీల పత్రికలో పుటలు తీర్చిదిద్దే ఉద్యోగం చేసి ఆ విద్య పట్టుకొన్నది. 1987లో ఆమె చేసిన చిత్రంలో ఒక చెయ్యి ఎర్రని చీటీని చూపుతూ ఉంటుంది. ఆలోచిస్తున్నాను కనుక ఉన్నానన్న డెకార్ట్ మాటను తిరగవేసి, కొంటున్నాను కనుక ఉన్నానని దాని మీద తెల్లని అక్షరాలతో రాసి ఉంటుంది. చురక బాగానే తగిలింది. కాని ప్రకటనవాడు సామాన్యుడా! 1994లో న్యూయార్కులో వెలసిన సుప్రీమ్ అనే దుస్తుల దుకాణం గుర్తును చూడండి. అటువంటి ఎర్రని పట్టీయే, అటువంటి తెల్లని అక్షరాలే. అరువిచ్చినవాడు వడ్డీతో సహా వసూలు చేసుకొన్నాడు.

అందుచేతనే బ్రెజిల్ దేశీయుడు సిల్డో మెయిరెలిస్ 1970లో చేసిన పని నాకు మరింత లోతైనదిగా తోస్తుంది. 1964 నుండి అక్కడ సైనికుల పాలన. 1968 డిసెంబరు శాసనం తరువాత నోరు విప్పడమే గండమైనది. ఇరవైరెండేండ్ల ఈ యువకుడు కోకాకోలా సీసాలు తెచ్చి, కంపెనీ అక్షరాల పక్కనే, అదే తెలుపు రంగులో, అమెరికావారు తమ ఇంటికి తాము పోవాలన్న నినాదాన్ని అచ్చొత్తినాడు. మీరూ మీ అభిప్రాయాన్ని ఇట్లే సీసా మీద రాసి లోకంలోకి వదలండని సూచన కూడా చేర్చినాడు. పిదప వాటిని మామూలుగా వాపసిచ్చివేసినాడు. ఆ కాలంలో ఖాళీ సీసా కార్ఖానాకు పోయి, మళ్ళీ నిండి అంగడికి వచ్చేది. ఖాళీగా ఉన్నంతసేపు గాజు మీది తెల్లని రాత కంటికి ఆనదు. నల్లని పానీయం నిండగానే పలక మీద బలపపు రాతవలె తేలుతుంది. రాసినవాడు ఒకడు, దానిని కనబడేటట్లు నింపేది, ఊళ్ళ మీదికి మోసేది సాక్షాత్తు ఆ వ్యాపారమే!

మన చాటువులు ఇట్లే గదా తిరిగినవి. కర్త పేరు అడిగినవాడు లేడు. విన్నవాడల్లా మరొకనికి చెప్పినాడు. క్రూగర్ ప్రకటన ముఖాన్ని తీసుకొన్నది, మెయిరెలిస్ అది నడిచే దారిని తీసుకొన్నాడు. ముఖాన్ని తిరిగి లాగుకోవడం తేలిక.

ఆ దారినే ఆయన నోట్ల మీద కూడా నడిపినాడు. 1975 అక్టోబరులో వ్లాదిమీర్ హెర్జోగ్ అనే పత్రికా రచయిత సావో పౌలోలో సైనికుల నిర్బంధంలో మరణించినాడు. ఆత్మహత్య అన్నారు అధికారులు. మెయిరెలిస్ రబ్బరు ముద్రతో కరెన్సీ నోట్ల మీద ఒకే ప్రశ్న వేసినాడు: హెర్జోగును చంపినదెవరు? గోడ మీది రాతకు సున్నం కొట్టవచ్చు, కరపత్రాన్ని చించవచ్చు. నోటును చించడానికి చేతులు వస్తవా? భయపడినవాడు సైతం దానిని త్వరగా ఖర్చు చేసి వదిలించుకొంటాడు. ప్రశ్న పొరుగువాని జేబులోకి చేరుతుంది. హెర్జోగ్ మరణపత్రాన్ని 2013లో దిద్ది, నిర్బంధంలో పెట్టిన హింస వలన చనిపోయినట్లు కుటుంబానికి రాసియిచ్చినారు.

సీసాలు కొన్ని ఇప్పుడు లండనులోని టేట్ కళాసంస్థ సేకరణలో ఉన్నవి. వాటిని ఇక ఎవరూ అంగడికి వాపసివ్వరు.