గోల్ఫ్‌లో బలం కన్నా లెక్క ముఖ్యం

గోల్ఫ్ అంటే డబ్బున్నవాళ్ల ఆట అనుకునే మనవాళ్లకు న్యూజిలాండ్ వచ్చాక ఆ అభిప్రాయం మారిపోతుంది. ఇక్కడ చిన్న ఊళ్లలో కూడా గోల్ఫ్ కోర్సు కనిపిస్తుంది. కొన్నిచోట్ల బయట పెట్టిన డబ్బాలో ఫీజు వేసి ఆడుకుని రావచ్చు. కానీ కొత్తగా మొదలుపెట్టినవాళ్ల ధ్యాసంతా బంతి ఎంత దూరం వెళ్లిందన్న దానిమీదే. స్కోరు నిలబడేది మాత్రం ఎక్కడ ఏ క్లబ్బు తీశామన్న దానిమీద.

నిబంధనల ప్రకారం బ్యాగులో 14 క్లబ్బుల వరకు ఉండొచ్చు. మొదట్లో ఏడు చాలు: 5 వుడ్, హైబ్రిడ్, 7 ఐరన్, 9 ఐరన్, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, పటర్. డ్రైవర్‌కి తొందరలేదు. క్లబ్బు ముఖం వెనక్కి వాలే కోణాన్ని లాఫ్ట్ అంటారు. డ్రైవర్‌కి అది సుమారు 10 డిగ్రీలే, శాండ్ వెడ్జ్‌కి 55 దాకా ఉంటుంది. లాఫ్ట్ తక్కువైనకొద్దీ బంతి పక్కకు తిరిగిపోవడం ఎక్కువ.

తర్వాతి పని, మీ దూరాలు తెలుసుకోవడం. ఒక్కో క్లబ్బుతో పది బంతులు కొట్టండి. అన్నిటికన్నా దూరం వెళ్లిన బంతిని మరచిపోయి, ఎక్కువ బంతులు ఎక్కడ పడ్డాయో అది రాసుకోండి. 7 ఐరన్‌తో ఒకసారి 115 మీటర్లు వెళ్లినా, మామూలుగా 100 వెళుతుంటే మీ లెక్క 100. జెండా 110 మీటర్ల దూరంలో, దాని ముందు నీళ్లుంటే హైబ్రిడ్ తీయాలి. గురి జెండాకి కాదు, గ్రీన్ మధ్యకి.

ఇక గాలి. వెల్లింగ్టన్‌లో ఆడేవాళ్లకు దీని సంగతి చెప్పక్కర్లేదు. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని డిగ్రీలో చదువుకున్నాం కదా. ఎదురుగాలిలో గట్టిగా బాదితే బంతికి స్పిన్ పెరిగి పైకి లేస్తుంది, ముందుకు పోదు. ఒక మెట్టు పెద్ద క్లబ్బు తీసి, నిదానంగా కొట్టాలి.

340 మీటర్ల పార్ 4 హోల్‌ని రెండు షాట్లలో చేరాలనుకోవద్దు. 140, 100, 100 అని మూడు ముక్కలు చేసుకోండి. రెండు పట్లతో ముగిస్తే 5, అంటే బోగీ. కొత్తవాళ్లకు అది మంచి స్కోరే.

ఈ లెక్క పెద్ద ఆటగాళ్లకూ తప్పదు. తెలుగు మూలాలున్న అమెరికన్ ఆటగాడు సాహిత్ తీగల 2022 జూన్‌లో ట్రావెలర్స్ చాంపియన్‌షిప్ చివరి హోల్‌కి ఒక స్ట్రోక్ ఆధిక్యంతో వచ్చాడు. టీ షాట్ ఫెయిర్‌వే బంకర్‌లో పడింది. రెండో షాట్ బంకర్ అంచుకు తగిలి ఇసుకలోనే ఉండిపోయింది. ఆ హోల్‌లో డబుల్ బోగీ, టైటిల్ జాండర్ షాఫ్లీకి. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి తొలి పీజీఏ టూర్ టైటిల్ అందుకున్నాడు.

అంతటివాడికే ఇసుక అడ్డుపడినప్పుడు మనమెంత? బంకర్‌లో శాండ్ వెడ్జ్ తీసి, పక్కకైనా సరే, ముందు బయటపడాలి. చెట్ల మధ్య పడ్డా ఇదే సూత్రం.

క్లబ్బు తీసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ షాట్ పదిసార్లు కొడితే ఎన్నిసార్లు కుదురుతుంది? ఏడుకి తక్కువైతే దాన్ని బ్యాగులో పెట్టేసి ఇంకోటి తీయండి.