నక్షా మారితే గీత ఎందుకు మారుతుంది? క్యాడ్‌ నక్షాల్లో గీతల తేడాను సరిచేసే విధానం

కంప్యూటర్‌లో గీసిన ఇంజినీరింగ్‌ నక్షా నుంచి కొంత భాగాన్ని మరో నక్షాలోకి నకలు చేసినప్పుడు కొలతలు సరిగ్గానే ఉన్నా, గీతల రూపం తరచూ మారిపోతుంది. ముక్కలుముక్కలుగా ఉండవలసిన గీత తెగని గీతగా కనిపిస్తుంది. దీన్ని కంటికి సంబంధించిన చిన్న లోపంగా కొట్టిపారేయలేం. ఎందుకంటే నక్షాలో గీత రూపమే దాని అర్థం.

ఈ సమస్య ఎంత తీవ్రమో తెలియాలంటే పశ్చిమ బెంగాల్‌లోని సంత్రాగాఛి వంటి ప్రదేశాన్ని చూడాలి. కోల్‌కతాకు హుగ్లీ నది ఆవల, హౌరా జిల్లాలో ఉన్న ఈ జంక్షన్‌ ఆగ్నేయ రైల్వే పరిధిలోనిది. ఇక్కడి నుంచి చెన్నైకి బయలుదేరే రైళ్లు విశాఖపట్నం, విజయవాడ మీదుగా సాగుతాయి. స్టేషన్‌ పక్కనే శీతకాలంలో వలస పక్షులు చేరే చెరువు ఉంది. కోనా ఎక్స్‌ప్రెస్‌వే ఇక్కడే పట్టాలను వంతెనపై దాటుతుంది. ఆ మార్గంలో 7.2 కిలోమీటర్ల ఆరు వరుసల ఎలివేటెడ్‌ రహదారికి ప్రధానమంత్రి 2025 ఆగస్టు 22న శంకుస్థాపన చేశారు. దాని అంచనా వ్యయం రూ.1,200 కోట్లకు పైమాటే. రైలు, రోడ్డు, నీరు ఒకే చోట కలిసినప్పుడు వేర్వేరు సంస్థల నక్షాలను ఒకదానిలోకి చేర్చక తప్పదు. అక్కడ భూగర్భ కేబుల్‌ గీత, గోడ అంచు గీత ఒకేలా కనిపిస్తే తవ్వకం జరిపేవారికి ప్రమాదమే.

గీతల భాష

భారతీయ ప్రమాణాల సంస్థ ప్రచురణ ‘ఎస్‌పీ 46’ ప్రకారం కంటికి కనిపించే అంచులను తెగని మందపు గీతతోనూ, మరుగున ఉన్న అంచులను తెగిన గీతతోనూ చూపాలి. మధ్యరేఖకు పొడవు ముక్క, పొట్టి ముక్క మారిమారి వచ్చే సన్నని గీతను వాడాలి. స్థల నక్షాల్లో ఇప్పటికే ఉన్నవాటికి, కొత్తగా ప్రతిపాదించినవాటికి వేర్వేరు గీతలు వాడటం సాధారణం.

మార్పునకు కారణాలు

విస్తృతంగా వాడే ఆటోక్యాడ్‌లో గీత నమూనాను పేరుతో గుర్తిస్తారు. అతికించే నక్షాలో అదే పేరుతో నమూనా ముందే ఉంటే సాఫ్ట్‌వేర్‌ దాన్నే ఉంచుకుంటుంది. కొత్తగా వచ్చిన నిర్వచనాన్ని పక్కన పెడుతుంది. లేయర్ల విషయంలోనూ ఇదే నియమం.

చిక్కు ఇక్కడే ఉంది. అంగుళాల పద్ధతికి ‘అకాడ్‌’, మెట్రిక్‌ పద్ధతికి ‘అకాడ్‌ఐసో’ అనే రెండు నమూనా ఫైళ్లు ఉన్నాయి. ‘డ్యాష్‌డ్‌’ అనే పేరు రెండింటిలోనూ ఉంది. మొదటి దానిలో ముక్క పొడవు 0.5, ఖాళీ 0.25 యూనిట్లు. రెండో దానిలో అవి 12.7, 6.35. తేడా సరిగ్గా 25.4 రెట్లు. మిల్లీమీటర్లలో గీసిన పెద్ద నక్షాలో అర మిల్లీమీటరు ముక్కలు కలిసిపోయి తెగని గీతగా కనిపిస్తాయి. మీటర్లలో గీసిన నక్షాలో రెండో నమూనాను యథాతథంగా వాడితే ఒక ముక్క, ఒక ఖాళీకే 19.05 మీటర్లు కావాలి. అందువల్ల పది మీటర్ల గోడ తెగని గీతగానే మిగులుతుంది.

రెండో కారణం స్కేలు. నక్షా మొత్తానికి వర్తించే ‘ఎల్‌టీస్కేల్‌’ విలువ ఆ ఫైలుకే పరిమితం. నకలుతో పాటు రాదు. ఒక్కో గీతకు విడిగా ఇచ్చిన స్కేలు మాత్రం దాని వెంటే వస్తుంది. తుది రూపం ఈ రెండింటి గుణకారంపై ఆధారపడుతుంది.

సరిచేసే క్రమం

ముందుగా మారిన గీతను ఎంచుకొని ప్రాపర్టీస్‌లో లేయర్‌, లైన్‌టైప్‌, లైన్‌టైప్‌ స్కేలు చూడాలి. ‘బైలేయర్‌’ అని ఉంటే ఆ గీతను కాక, లేయర్‌కు కేటాయించిన నమూనాను పరిశీలించాలి.

నమూనా తప్పయితే లైన్‌టైప్‌ మేనేజర్‌లో సరైన ఫైలు నుంచి దాన్ని మళ్లీ లోడ్‌ చేయాలి. ఆ పేరుతో నక్షాలో ఉన్న గీతలన్నీ అప్పుడు మారుతాయి. రెండు రూపాలూ అవసరమైతే మూల నక్షాలోనే ఒకదానికి కొత్త పేరు పెట్టి, ఆపైన నకలు చేయడం మేలు.

నమూనా సరైనదే అయితే రెండు నక్షాల ‘ఎల్‌టీస్కేల్‌’ విలువలను పోల్చాలి. ఒక్కో గీతను విడిగా సవరించుకుంటూ పోతే తదుపరి నకలుతో సమస్య మళ్లీ మొదలవుతుంది. విడి స్కేళ్లను 1కి మార్చి, మొత్తం స్కేలును ఒక్కచోటే నిర్ణయించాలి. వేర్వేరు స్కేళ్ల వ్యూపోర్టులున్న లేఅవుట్‌లో ‘పీఎస్‌ఎల్‌టీస్కేల్‌’ విలువ 1గా ఉంటే ముక్కల పొడవు కాగితంపై అంతటా ఒకేలా వస్తుంది. మార్పు తర్వాత నక్షాను ‘రీజెన్‌’ చేయాలి.

అప్పటికీ మారకపోతే మరో రెండు అంశాలు చూడాలి. చెరువు గట్టు, వంపు తిరిగిన పట్టాల వంటివి అనేక చిన్న తునకలతో కూడిన పాలీలైన్లుగా ఉంటాయి. నమూనా ప్రతి మలుపు వద్ద కొత్తగా మొదలవడంతో, తునకలు పొట్టివైతే గీత తెగకుండా కనిపిస్తుంది. పాలీలైన్‌ ప్రాపర్టీస్‌లో ‘లైన్‌టైప్‌ జనరేషన్‌’ను ఆన్‌ చేస్తే నమూనా మొదటి నుంచి చివరి వరకు ఏకధాటిగా సాగుతుంది.

రైలు పట్టాలను సూచించే ‘ట్రాక్స్‌’ వంటి గీతల్లోని గుర్తులు విడిగా ఉండే షేప్‌ ఫైలు నుంచి వస్తాయి. సంస్థలు సొంతంగా తయారుచేసుకున్న షేప్‌ ఫైలు అవతలి కంప్యూటర్‌లో లేకపోతే గుర్తులు కనిపించవు. నక్షాతో పాటు ఆ ఫైలునూ పంపాలి.

అతికించే ముందు

రెండు నక్షాల యూనిట్లు ఒకటేనా, ఒకే పేరున్న లేయర్లు, నమూనాలు ఏవి అన్నది ముందే చూసుకుంటే చాలావరకు ఇబ్బంది ఉండదు. పంపే సంస్థ గీతల సూచికను, ‘ఎల్‌టీస్కేల్‌’ విలువను రాసి జతచేయాలి. అందుకున్నవారు తెరపై చూసి సరిపెట్టుకోకుండా, అసలు స్కేలులో ఒక కాగితం ముద్రించి, ప్రతి గీతను ఆ సూచికతో పోల్చాలి. నిర్మాణ స్థలానికి చేరేది ఆ కాగితమే కనుక తుది పరీక్ష దానిపైనే జరగాలి.