అడవిలో దుంగలు మోసిన చిన్న ఆవిరి ఇంజిన్ల కథ

మంగళగిరి నుంచి మాట్లాడుతున్నాను. మా స్టేషన్ మీదుగా పొడవాటి గూడ్సు బండి పోతుంటే ఇప్పటికీ ఆగి చూస్తాను. అంత బలమైన ఇంజిన్‌ని కొండల మధ్య అడవిలోకి తీసుకెళ్ళి, దుంగలు లాగమంటే లాగుతుందా? లాగలేదు. ఎందుకో చెప్తాను.

మన వైపు వానపడ్డ నల్లరేగడి డొంకలోకి కారు దించారనుకోండి, దిగబడిపోతుంది. అదే డొంకలో మిర్చి టిక్కీలు వేసుకున్న ట్రాక్టరు చిన్న గేర్‌లో మెల్లగా బయటికి వచ్చేస్తుంది. స్పీడు వేరు, పట్టు వేరు. అడవి రైలుకి కావాల్సింది పట్టు.

మామూలు ఆవిరి ఇంజిన్‌లో పిస్టన్ ముందుకీ వెనక్కీ కదులుతుంది. దానికి బిగించిన పొడవాటి కడ్డీలు పెద్ద చక్రాల్ని తిప్పుతాయి. నున్నటి లైను మీద ఇది బాగా పరిగెడుతుంది. కానీ కలప కంపెనీ వేసే లైను అలా ఉండదు. ఈ ఏడాది ఇక్కడ చెట్లు అయిపోతే, వచ్చే ఏడాది పట్టాలు పీకి ఇంకోచోట వేస్తారు. అందుకే తక్కువ ఖర్చులో, ఎగుడుదిగుడు నేల మీద, సన్నటి పట్టాలతో వేసేస్తారు. మలుపులేమో మరీ ఇరుకు. అక్కడ పెద్ద ఇంజిన్ పట్టా తప్పుతుంది, లేదా చక్రం ఉన్నచోటే జారుతూ తిరుగుతుంది.

దీనికి దారి కనిపెట్టింది పెద్ద ఇంజనీరేం కాదు. అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో కలప వ్యాపారం చేసుకునే ఎఫ్రయిమ్ షే. అప్పట్లో అక్కడ చలికాలంలో మంచు మీద, చక్రాల్లేని బళ్ళతో దుంగలు లాగి, మంచు కరిగాక నదిలో వదిలేవారు. మంచు సరిగా పడకపోతే ఆ ఏడాది పని దెబ్బతిన్నట్టే. ఏడాది పొడవునా పని జరగాలని షే చిన్న ఇంజిన్ తయారు చేసుకున్నాడు. 1881లో పేటెంటు వచ్చింది. ఒహాయో రాష్ట్రంలోని లైమా కంపెనీ వాటిని తయారు చేసి అమ్మింది.

ఇందులో కిటుకు ఏంటంటే, పిస్టన్లు పడుకుని ఉండవు, ఇంజిన్ కుడి పక్కన నిలువుగా ఉంటాయి. అవి చక్రాల పక్కగా పోయే ఒక ఇరుసుని తిప్పుతాయి. ఆ ఇరుసు మీదున్న చిన్న పళ్ళ చక్రం, బండి చక్రానికి ఉన్న పెద్ద పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది. చిన్నది పెద్దదాన్ని తిప్పితే వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది. మన ట్రాక్టరు ఫస్ట్ గేర్ లెక్కే ఇది. పైగా ప్రతి చక్రమూ లాగుతుంది, ఊరికే దొర్లేది ఒక్కటీ లేదు. చక్రాల సెట్లు విడివిడిగా తిరుగుతాయి కాబట్టి మలుపులో ఇబ్బంది లేదు. బరువంతా కుడి పక్కకి పడకుండా బాయిలర్‌ని ఎడమకి జరిపారు. అందుకే ఎదురుగా చూస్తే ఇంజిన్ వంకరగా కనిపిస్తుంది!

ఊటీ కొండ రైలు ఉంది కదా, అది నిటారు చోట్ల పన్నెండు అడుగులకి ఒక అడుగు ఎక్కుతుంది. దానికి పట్టాల మధ్య ఇంకో పళ్ళ పట్టా కావాలి. వెస్ట్ వర్జీనియాలో కాస్ అనే కలప ఊరి దగ్గర షే ఇంజిన్లు అంతకన్నా నిటారు ఎక్కుడు కూడా మామూలు పట్టాల మీదే ఎక్కుతాయి. 1945 వరకు ఇలాంటివి దాదాపు 2,770 తయారయ్యాయి.

ఇక్కడిదాకా విజయ కథ. అసలు విషయం ఇప్పుడు వస్తుంది. అంతకుముందు నదికి దూరంగా ఉన్న చెట్టు బతికిపోయేది, ఎందుకంటే దాన్ని నరికినా మోసుకెళ్ళే దారి లేదు. ఈ చిన్న ఇంజిన్ ఆ కాపు తీసేసింది. ఏ లోయకైనా, ఏ నెలలోనైనా వెళ్ళిపోయింది. చాలా ఇంజిన్లు ఆ అడవి కట్టెల్నే కాల్చుకుంటూ ఆ అడవి దుంగల్నే మోశాయి. 20వ శతాబ్దం మొదలయ్యేసరికి మిచిగన్‌లోని తెల్ల పైన్ అడవి చాలావరకు అయిపోయింది. కంపెనీలు వేరే రాష్ట్రాలకి వెళ్ళిపోయాయి.

మన దక్షిణాదిలో కూడా ఇలాంటి అడవి లైను ఉండేది. కేరళలో అప్పటి కొచ్చిన్ సంస్థానం పరంబికుళం అడవుల నుంచి చాలక్కుడి దాకా దాదాపు 80 కిలోమీటర్ల ట్రామ్ లైను వేసింది. 1907లో మొదలైంది. టేకు, రోజ్‌వుడ్ దుంగలు దాని మీదే దిగాయి. చదునుగా ఉన్నచోట చిన్న ఆవిరి ఇంజిన్లు లాగేవి. నిటారు చోట్ల తాడు ఉపాయం. దుంగలతో నిండిన వ్యాగన్లు కిందికి దిగుతుంటే, ఆ బరువే ఖాళీ వ్యాగన్లని పైకి లాగేది. 1963లో ఆ లైను మూతపడింది. అదే 1963లో కాస్‌లో షే ఇంజిన్లు టూరిస్టుల్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టాయి. ఇప్పటికీ నడుస్తున్నాయి.

పరంబికుళం ఇప్పుడు పులుల అభయారణ్యం. అక్కడ కన్నిమార టేకు అని ఒక మహావృక్షం ఉంది, చుట్టుకొలత ఆరు మీటర్ల పైనే. నరకబోతే దాన్నుంచి రక్తం కారిందని, అందుకే వదిలేశారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అన్ని దుంగలు దిగిపోయిన అడవిలో ఆ ఒక్క చెట్టు నిలబడి ఉంది.

నేను షే ఇంజిన్‌ని తప్పుపట్టను. అది చెప్పిన పని చక్కగా చేసింది. ఎక్కడ ఆపాలో ఇంజిన్‌కి తెలీదు, అది మనుషులు చూసుకోవాల్సిన లెక్క. పని సులువు చేసే మెషిన్ ఏది వచ్చినా నేను ఇప్పుడు అడిగే ప్రశ్న ఒకటే: ఇన్నాళ్ళూ కష్టం అడ్డుగా ఉండి కాపాడినవాటిని ఇకమీదట ఎవరు కాపాడతారు?

మీ ఇంట్లో పాత టేకు తలుపో దూలమో ఉంటే, ఆ దుంగ ఏ అడవి నుంచి, ఏ బండి మీద వచ్చిందో మీ తాతగారినో నాయనమ్మనో అడగండి. తెలిస్తే నాకూ చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.