ఇటలీ పాతయింటిలోని పెండ్లిపెట్టెలు

ఇంటిసామానులను బట్టి ఆ యింటివారి బ్రదుకును తెలిసికొనవచ్చును. ఇందుల కుదాహరణముగా ఇటలీదేశములోని ఫ్లారెన్సు నగరమందలి దవంజాతి సౌధమును గూర్చి చెప్పెదను.

పదునాల్గవ శతాబ్దమున దవిజ్జి వంశీయులు దీనిని కట్టించిరి. 1578లో దవంజాతివారు కొనిరి. నేఁడిది ప్రదర్శనశాల. అందలి యొక పడకగదిలో గోడలపై ఫ్రెంచి ప్రేమకథ యొకటి చిత్రింపఁబడియున్నది. ఇట్టి గదులలో మంచము తరువాత ముఖ్యమైనది "కస్సోనె" యను పెద్దపెట్టె. మన భోషాణమువలెనే మూఁత తెఱచి బట్టలు దాఁచుకొందురు. మూఁత వేసి పైనఁ గూర్చుందురు.

పదునైదవ శతాబ్దమున వధువు వస్త్రములను ఈ పెట్టెలలో నుంచి, వరునియింటికి ఊరేఁగింపుగాఁ గొనిపోవుచుండిరి. మెత్తని కొయ్యపై జిగురు కలిపిన సుద్దను పూసి, రంగులతో, బంగారురేకుతో ముందుపలకపైఁ గథలు చిత్రించెడివారు. పదునాఱవ శతాబ్దమున అక్రోటుకొయ్యపైఁ జెక్కిన పెట్టెలు ప్రబలెను.

ఆ చిత్రములే పెట్టెలకు ముప్పయ్యెను. తరువాతి వర్తకులు పెక్కింటి ముందుపలకలను ఊడఁదీసి పటములుగా నమ్మిరి. ఈ సౌధమునకు నట్టి గతియే పట్టినది. ఎలియా వోల్పి యను వర్తకుఁడు 1904లో దీనిని కొని, బాగుచేసి, 1910లో ప్రదర్శనశాలగాఁ దెఱచెను. 1916లో సామానులను న్యూయార్కున వేలము వేయించెను. 1951లో ఇటలీ ప్రభుత్వము సౌధమును కొని, వేఱు సామానులను సమకూర్చి, 1956లో మరలఁ దెఱచినది.

సామాను మరలఁ దేవచ్చును గాని, అది యే వధువుతో వచ్చినదో తెలుపువా రుండరు. కావున మీ యింట పాతభోషాణ మున్నచో, అది యెవరి పెండ్లికి వచ్చినదో కాగితముపై వ్రాసి దానిలో నుంచుఁడని నా మనవి.