ఫిన్నిక్ ప్రత్యయాలు: పాతవాటి మీద కొత్తవి

ఫిన్లాండ్, ఎస్టోనియాల్లోనూ, వాటిని ఆనుకుని ఉన్న రష్యా, లాత్వియా ప్రాంతాల్లోనూ పుట్టి పెరిగిన ఫిన్నిష్, ఎస్టోనియన్, కరేలియన్, వెప్స్, లివోనియన్ వంటి భాషలను కలిపి ఫిన్నిక్ భాషలంటారు. ఇవి యూరాలిక్ కుటుంబంలో ఒక శాఖ. ఫిన్నిష్ వ్యాకరణాలు సాధారణంగా 15 విభక్తులు లెక్కపెడతాయి, ఎస్టోనియన్ వ్యాకరణాలు 14. మూల యూరాలిక్ భాషలో మాత్రం ఇన్ని ఉన్న జాడ లేదు. ఉన్న చోటును చెప్పే ‘న’, బయలుదేరిన చోటును చెప్పే ‘త’, వెళ్లే దిక్కును సూచించే ఒకటి రెండు ముక్కలు, షష్ఠికి ‘న్’, కర్మకు ‘మ్’. పండితులు పునర్నిర్మించిన సరంజామా దాదాపు ఇంతే.

విభక్తులు పెరిగింది కొత్త ముక్కలు పుట్టి కాదు, ఉన్నవే ఒకదానిమీద ఒకటి ఎక్కి. ‘న’, ‘త’ల ముందు ‘స్’ అనే దిక్కు ప్రత్యయం చేరింది. ‘స్న’ క్రమంగా ‘స్స’ అయింది, ‘స్త’ అలాగే నిలిచింది. ఫిన్నిష్‌లో ‘తలొ’ అంటే ఇల్లు. ‘తలొస్స’ ఇంట్లో, ‘తలొస్త’ ఇంట్లోంచి. మన ‘ఇంట్లోంచి’లో ‘లో’ మీద ‘నుంచి’ ఎక్కిన తీరు కూడా ఇదే. ఇలాంటి పోలికలు చూసే రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషలకు ఫిన్నిష్ తరహా భాషలతో చుట్టరికం కలపబోయాడు. నేటి భాషాశాస్త్రం ఆ చుట్టరికాన్ని ఒప్పుకోదు. పోలిక కట్టుబడిలోనే ఉంది, రక్తంలో లేదు.

రెండో వరుసలో ‘స్’ బదులు ‘ల్’ ఉంటుంది: ‘తలొల్ల’ అంటే ఇంటి దగ్గర, ‘తలొల్త’ అంటే ఇంటి దగ్గర్నుంచి. ఈ ‘ల్’ చోటును తెలిపే ‘ల’ ప్రత్యయం నుంచి వచ్చిందని ఎక్కువమంది అభిప్రాయం. కలేవ అనే వీరుడి పేరుకు అది చేరితేనే 1835లో తొలిసారి అచ్చయిన ‘కలేవల’ కావ్యం పేరు. ఫిన్నిక్ భాషాచరిత్రకు పునాది వేసినవారిలో ఒకరైన సెటాలా ఇంటిపేరు నిర్మాణమూ అదే. ‘సెటా’ అంటే బాబాయి.

కొత్త వరుసలు వచ్చాక పాత ‘న’, ‘త’లకు చోటు చెప్పే పని తప్పింది. అయినా అవి పోలేదు, వేరే కొలువులో చేరాయి. ‘న’ ఇప్పుడు ‘టీచరుగా’, ‘పిల్లాడిగా’ అనడానికి పనికొస్తుంది. ‘త’ కథ ఇంకా ఆసక్తికరం. ఏదైనా ఒక దాన్నుంచి కొంత తీసుకోవడమనే భావం మీదుగా అది ‘కొంత భాగం’ అనే అర్థంలో స్థిరపడింది. నీళ్లు తాగుతున్నామంటే నీటిని ‘వెత్తా’ అనాలి. అందులో రెండో ‘త’ ఒకప్పటి ‘నుంచి’. పాత పని మాత్రం కొన్ని పదాల్లోనే మిగిలింది: ‘కౌకన’ దూరాన, ‘కౌకా’ దూరం నుంచి.

అరుగుదల కథ వేరు. ఫిన్నిక్‌లో పదం చివరి ‘మ్’ అంతటా ‘న్’గా మారింది. దాంతో ఏకవచనంలో కర్మ ప్రత్యయం షష్ఠితో కలిసిపోయింది. ‘మెనెన్’ (వెళ్తాను) చివరి ‘న్’ కూడా ఒకప్పటి ‘మ్’ అనే చెబుతారు. యూరాలిక్ కుటుంబానికే చెందిన మారి భాషలో కర్మకు ‘మ్’ ఇప్పటికీ వినిపిస్తుంది. ఎస్టోనియన్ మరో అడుగు ముందుకు వేసి ఆ ‘న్’నే రాల్చేసింది. ‘యల్గ్’ అంటే కాలు, ‘యల’ అంటే కాలి, ‘యల్గ’ పాత ‘త’ విభక్తి రూపం. ప్రత్యయాలు రాలిపోయినా, అవి ప్రాతిపదికలో తెచ్చిన మార్పే వాటి పని చేస్తోంది.

విడి మాటలూ ప్రత్యయాలయ్యాయి. ఫిన్నిష్‌లో ‘నాన్నతో’ అనడానికి ‘ఇసాన్ కన్స్స’ అని రెండు మాటలు కావాలి. ఎస్టోనియన్‌లో ‘ఇసగ’ చాలు. రెండింటి మూలమూ జనం అనే అర్థమున్న ‘కన్స’ అనే మాటే. ఎస్టోనియన్ ‘గ’ ఆలస్యంగా అతుక్కుందనడానికి సాక్ష్యం వాక్యంలోనే ఉంది. ‘పెద్ద ఇంట్లో’ అంటే ‘సూరెస్ మయస్’: విశేషణానికీ ప్రత్యయం తగిలింది. ‘పెద్ద ఇంటితో’ అంటే ‘సూరె మయగ’: విశేషణం షష్ఠిలోనే ఆగిపోయింది. క్రియల్లోనూ ఇలాంటివే. ఫిన్నిష్ ‘తులెవత్’ (వస్తారు) నిజానికి ‘వచ్చేవాళ్లు’ అనే బహువచన రూపమే.

వెప్స్ భాషలో ఈ చక్రం మరోసారి తిరిగింది. పాత ‘స్స’, ‘స్త’ రెండూ అరిగి ఒకే ‘స్’గా మిగిలాయి. ‘అడవిలో’కీ ‘అడవిలోంచి’కీ తేడా చెరిగిపోయే పరిస్థితి రావడంతో, దిక్కును తెలిపే ఒక మాటను తెచ్చి చివర అతికించారు. ఇప్పుడు ‘మెత్సస్’ అంటే అడవిలో, ‘మెత్సస్పై’ అంటే అడవిలోంచి.