లెగో ముక్కలతో యాళి

లెగో డ్రాగన్‌ను మీలో చాలామంది కట్టే ఉంటారు, పెట్టెలో వచ్చిన పుస్తకం చూసుకుంటూ. ఈసారి పుస్తకం లేని జంతువు ఒకటి కట్టండి. దాని పేరు యాళి. సింహం ఒళ్లు, ఏనుగు తొండం, కోరలు, ఉబికివచ్చిన కళ్లు. వీపు మీద రౌతును ఎక్కించుకుని వెనక కాళ్ల మీద లేచి నిలబడుతుంది.

50 రూపాయల నోటు వెనక హంపి రాతిరథం బొమ్మ చూశారు కదా! ఆ రథం ఉన్న విఠలాలయంలోనే మండప స్తంభాల నిండా యాళులున్నాయి. తెలుగులో ఆముక్తమాల్యద రాసిన కృష్ణదేవరాయలకు హంపి రాజధాని. అందరూ రథం దగ్గర ఫొటో దిగి వెళ్లిపోతారు. నాకు మాత్రం ఆ ఆవరణలో యాళే గొప్ప.

యాళిని ఎవరూ చూడలేదు. అయినా నమ్మబుద్ధేస్తుంది. శిల్పి తొండాన్ని అచ్చం తొండంలాగే చెక్కాడు, పంజాను పంజాలాగే చెక్కాడు. కాబట్టి ముక్కలు ముట్టుకునే ముందు జూకి వెళ్లండి. తొండం మొదట్లో ఎంత లావు, కొసకు ఎంత సన్నం? సింహం వెనక కాలు చూడండి. వెనక్కి వంగినట్టు కనిపించేది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పొట్ట దగ్గర ఉంటుంది, ముందుకు వంగుతుంది. ఈ రెండు మడతలూ సరిగ్గా పడితే మీ బొమ్మ లేచి దూకేలా ఉంటుంది. పడకపోతే కుర్చీలా ఉంటుంది.

ఇక అసలు చిక్కు బరువు. తల పెద్దది, పైన రౌతు, కింద రెండే కాళ్లు. బొమ్మ ముందుకు బోర్లా పడుతుంది. పొట్టలో లెగో టెక్నిక్ బీములతో గట్టి చట్రం వేసినా సగం పనే అవుతుంది. మిగతా సగం హంపి శిల్పి ఎప్పుడో చేసి చూపించాడు. అక్కడ యాళి, స్తంభం రెండూ ఒకే రాతిలోంచి వచ్చాయి. జంతువు తనంతట తాను నిలబడక్కర్లేదు, స్తంభమే దాన్ని పట్టుకుంటుంది. మీరూ వెడల్పాటి పీఠం మీద స్తంభం కట్టి, యాళి భుజాన్ని పిన్నుతో దానికి బిగించండి. గోడకు ఇటుకలు పేర్చే పద్ధతే ఇక్కడా: కింది వరస అతుకు మీద పై వరస అతుకు పడకూడదు.

ముఖం దగ్గర కాస్త లెక్క కావాలి. లెగోలో ఒక బొడిపె నుంచి పక్క బొడిపెకు 8 మిల్లీమీటర్లు. పలచటి ప్లేటు ఎత్తు 3.2. అంటే ఐదు ప్లేట్లు పేరిస్తే 16, సరిగ్గా రెండు బొడిపెల వెడల్పు! ఈ లెక్క తెలిస్తే బ్రాకెట్ ముక్కలతో బొడిపెల్ని పక్కకు తిప్పి, చెంపలు, కనుబొమలు, జూలు సందు కనిపించకుండా అతికించొచ్చు. పెద్దపెద్ద బొమ్మలు కట్టేవాళ్లు వాడే కిటుకు ఇదే. కోరలకు కొమ్ము ముక్కలు దొరుకుతాయి.

రంగు ఒక్కటే చాలు. బూడిద రంగైతే రాయిలా ఉంటుంది, ఆకారం తేటగా కనిపిస్తుంది.

కొత్త సెట్లు కొనిపెట్టమని అమ్మానాన్నల్ని అడగక్కర్లేదు. గరాజ్ సేల్లో దొరికిన పాత ముక్కలు చాలు, 1958 నాటి ముక్క కూడా ఇవాళ్టి ముక్కతో బిగుస్తుంది. ముక్కలు చాలకపోతే బ్రిక్‌లింక్ వెబ్‌సైట్ వాళ్ల స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ముందు కంప్యూటర్ మీద కట్టి చూసుకోవచ్చు.

ఈసారి ఇండియా వెళ్లినప్పుడు హంపి దాకా తీసుకెళ్లమని పెద్దవాళ్లను అడగండి. స్తంభాన్ని ఎదురుగా ఒక్క ఫొటో తీసి వచ్చేయకండి. రెండు పక్కల నుంచీ తీయండి, కాళ్ల మడతలు, వీపు, తోక స్పష్టంగా పడాలి. కట్టేటప్పుడు మీకు పనికొచ్చే ఫొటోలు అవే.