పేరు కలిసింది - బియ్యం ఆగింది
పాతబస్తీ రేషన్ కార్డుల అనుభవం పల్లెలకు చెప్పే పాఠం

హైదరాబాద్: ఒక ఊళ్ళో నలుగురు మల్లయ్యలు ఉన్నారనుకుందాం. అందులో ఒకరికి కారు ఉన్నది. మరొకరు కూలి చేసుకుని బతుకుతున్నారు. కారు ఏ మల్లయ్యదో పోస్టుమాన్‌ను అడిగినా చెబుతాడు, రచ్చబండ మీద కూర్చున్న ముసలాయనను అడిగినా చెబుతాడు. పక్క ఊరి వారు సైతం "చెరువు గట్టు మల్లయ్యా, గుడి వెనుక మల్లయ్యా" అని అడిగి గాని మాట కదపరు. కాని రాజధానిలో ఒక గదిలో ఉన్న కంప్యూటరుకు చెరువు గట్టు తెలియదు, గుడీ తెలియదు. దానికి తెలిసినవి అక్షరాలు మాత్రమే.

ఆ అక్షరాల పోలికను నమ్ముకుని కార్డులు తీసేస్తే పేదవాని గతి ఏమవుతుందో హైదరాబాదు బస్తీలు చవిచూశాయి. ఆ కథ మన పల్లెవారు కూడా తెలుసుకోదగినది.

ఒకే పేరు - పలు రాతలు

పాతబస్తీ అనగానే మనకు చార్మినారు, మక్కా మసీదు, లాడ్ బజారు గాజులు గుర్తుకు వస్తాయి. పెళ్ళి బట్టలకు, ముత్యాలకు వెళ్ళేవారు చూసేది పెద్ద రోడ్డును మాత్రమే. లోపలి గల్లీలలో లక్క గాజులు చేసేవారు, జరీ పనివారు, అగరుబత్తీలు చుట్టే స్త్రీలు, ఆటోలు నడిపేవారు కాపురముంటున్నారు. ఇలాంటి అనేక కుటుంబాలకు నెల గడవటానికి చౌక ధరల దుకాణం బియ్యమే ఆధారం.

అక్కడ సయ్యద్, షేక్, మహమ్మద్ అనే మాటలు వేలాది పేర్ల ముందు ఉంటాయి. బేగం, బీ అనేవి వేలాది స్త్రీల పేర్ల చివర ఉంటాయి. ఉర్దూలో పలికే పేరును ఇంగ్లీషు అక్షరాలలోకి దింపేటప్పుడు ఒక గుమాస్తా ఒక విధంగా రాస్తే, మరొకరు మరొక విధంగా రాస్తారు. మహమ్మద్ అనే పేరు ఒక కాగితంలో పూర్తిగా ఉంటే, మరొక కాగితంలో 'ఎం.డి.' అని రెండు అక్షరాలుగా మిగులుతుంది. దీనివల్ల ఒకే మనిషి ఇద్దరుగా కనిపించవచ్చు. అంతకన్నా ప్రమాదం ఏమంటే, ఇద్దరు మనుషులు ఒకరుగా కనిపించవచ్చు.

కౌంటరు నుంచి కంప్యూటరు వేదిక దాకా

సర్కారు పనులలో కంప్యూటరు రావటం వల్ల మేలు జరగలేదని ఎవరూ అనలేరు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో 'కార్డ్' పథకం కింద సబ్ రిజిస్ట్రారు ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. 1999 డిసెంబరులో 'ట్విన్స్' పేరుతో జంటనగరాలలో తొలి కేంద్రం బంజారాహిల్స్‌లో వెలిసింది. కరెంటు బిల్లు, నీటి బిల్లు, ఇంటి పన్ను ఒకే కౌంటరులో కట్టే వీలు కలిగింది. అదే 2001 ఆగస్టులో 'ఈ-సేవ' అయింది. 2011 నవంబరు 4న చిత్తూరు జిల్లాలో 'మీ సేవ' మొదలైంది. కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం పదిసార్లు మండలాఫీసుకు తిరిగే బాధ అప్పటి నుంచి చాలావరకు తగ్గింది.

తెలంగాణ ఏర్పడిన తరువాత 2014 ఆగస్టు 19న ఒకే రోజున సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. అటు తరువాత ప్రభుత్వం మరొక అడుగు వేసింది. పలు శాఖల దగ్గర విడివిడిగా ఉన్న వివరాలను ఒకచోట జోడించి చూసే 'సమగ్ర వేదిక' అనే ఏర్పాటు చేసింది. బండ్ల రిజిస్ట్రేషను ఒక శాఖది, ఆస్తి పన్ను మరొక శాఖది, రేషను కార్డు ఇంకొక శాఖది. వీటిలోని పేరును, తండ్రి పేరును, చిరునామాను పోల్చి, ఈ కాగితంలోని మనిషీ ఆ కాగితంలోని మనిషీ ఒకరేనా అని కంప్యూటరు అంచనా వేస్తుంది. అది అంచనాయే గాని సాక్ష్యం కాదు. కారు ఉన్నవారికి, ప్రభుత్వోద్యోగులకు ఆహార భద్రత కార్డు ఉండరాదన్నది నిబంధన. అందుచేత అంచనా తప్పితే, ఎవరి కారో వచ్చి మరెవరి కార్డునో తొక్కివేస్తుంది.

ముందు కోత - తరువాత విచారణ

జరిగినదీ అదే. 2014 నుంచి 2019 వరకు తెలంగాణలో 18 లక్షల 60 వేలకు పైగా కార్డులు నోటీసైనా లేకుండా రద్దయ్యాయని, 2024 జనవరిలో అల్ జజీరా వార్తా సంస్థ ప్రచురించిన పరిశోధన వెల్లడించింది. అందులో చెప్పిన హైదరాబాదు కుటుంబాలలో ఒకటి రిక్షా తొక్కి బతికినవానిది. ఆయన పేరు కారున్న మరొకరి పేరును పోలి ఉండటమే ఆ ఇంటి నేరమైంది. మూడు చక్రాల రిక్షా తప్ప మరొకటి ఎరుగని ఇల్లు, లెక్కలలో కారున్న ఇల్లయి కూర్చున్నది!

హైదరాబాదుకు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ఈ రద్దులపై న్యాయపోరాటం చేశారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి విచారించవలసిందిగా 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. అంటే ఇంటికి మనిషి వెళ్ళి చూడాలన్నమాట. కార్డు తీయకముందే జరగవలసిన ఆ పనిని, తీసిన సంవత్సరాల తరువాత కోర్టు చెప్పి చేయించవలసి వచ్చింది.

పదమూడింట ఒకటి

ఆ విచారణకు 4,91,899 దరఖాస్తులు వచ్చినట్లు అదే పరిశోధన తెలిపింది. 2022 జూలై నాటికి 2,05,734 దరఖాస్తులు పరిశీలించగా, 15,471 మంది అర్హులని తేలింది. ఇది నూటికి ఏడున్నర వంతు. సుమారు పదమూడు దరఖాస్తులకు ఒకటి చొప్పున అన్యాయంగా కోతకు గురయిందన్నమాట.

బోగస్ కార్డులు లేవని కాదు. అనర్హులు తినే బియ్యం అర్హుల పొట్ట కొట్టేదేనన్న ప్రభుత్వ వాదన కూడా కాదనలేనిది. పరిశీలించిన వాటిలో ఎక్కువ దరఖాస్తులు నిలబడలేదన్నదీ నిజమే. కాని తప్పిపోయిన ఆ ఒక్క ఇంటి లెక్క చూడండి. మనిషికి నెలకు 6 కిలోల చొప్పున, ఐదుగురున్న ఇంటికి నెలకు 30 కిలోలు. సంవత్సరానికి మూడు క్వింటాళ్ళ 60 కిలోలు. 2016లో కార్డు పోయి 2022లో తిరిగి వచ్చిందనుకుంటే, ఆరేళ్ళలో 21 క్వింటాళ్ళకు పైగా బియ్యం ఆ ఇంటి గడప తొక్కలేదు. కార్డు తిరిగి ఇచ్చినా తినని తిండిని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. పైగా ఈ కార్డు బియ్యానికే కాదు, ఆరోగ్యశ్రీ వంటి ఇతర పథకాలకు కూడా ఆధారంగా పనికివచ్చింది.

మన ఊరికీ వర్తిస్తుంది

ఇది పట్నం గొడవ, మనకెందుకు అనుకోరాదు. మన కాగితాలలో ఒక చోట ఇంటిపేరు ముందు ఉంటుంది, ఒక చోట వెనుక ఉంటుంది, మరొక చోట ఒక్క అక్షరంగా మిగులుతుంది. లక్ష్మి ఒక కార్డులో లక్ష్మమ్మ అవుతుంది. ఆడపడుచుకు ఆధారులో పుట్టింటి పేరు, పట్టా పుస్తకంలో అత్తింటి పేరు ఉండటం కద్దు. 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణిలో పేరు, విస్తీర్ణం తప్పుగా ఎక్కిన రైతులు దిద్దుబాటు కోసం ఎంత తిరిగారో ఊరూరా తెలుసు. 2025 ఏప్రిల్ 14న వచ్చిన భూభారతిలో పై అధికారికి అప్పీలు చేసుకునే ఏర్పాటు పెట్టవలసి వచ్చింది. ఏ లెక్కల పుస్తకానికైనా తప్పు దిద్దే దారి ఉండాలి. ఆ దారి లేని పుస్తకం ఎంత కొత్తదైనా పేదవానికి గోడే.

ఇవి గుర్తుంచుకోండి

2025 జూలై 14న సూర్యాపేట జిల్లా తుంగతుర్తిలో కొత్త రేషను కార్డుల పంపిణీ మొదలైంది. కార్డు చేతికి వచ్చినవారు ఇంట్లోని ప్రతి ఒక్కరి పేరు, వయస్సు ఆధారు కార్డుతో సరిపోలినదీ లేనిదీ చదివించుకుని చూసుకోవాలి. తేడా ఉంటే బియ్యం ఆగే దాకా కూర్చోక, వెంటనే మీ సేవలో దరఖాస్తు చేసి, రసీదు భద్రపరచుకోవాలి.

కార్డు రద్దయినట్లు డీలరు చెబితే ఆ మాట విని ఊరకుండరాదు. జిల్లాలలో తహసీల్దారు కార్యాలయంలో అడగాలి. హైదరాబాదు నగరంలో ఉంటున్న మన ఊరివారు చీఫ్ రేషనింగ్ ఆఫీసరు కింద ఉన్న సర్కిల్ ఆఫీసులో అడగాలి. ఎందుకు రద్దయిందో కారణం కాగితం మీద కోరాలి. కారు ఉన్నదంటే ఆ కారు నంబరు ఏమిటో చెప్పమనాలి. సోమవారం నాడు కలెక్టరేట్లలో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వవచ్చు. రేషను ఫిర్యాదులకు 1967 నంబరుకు ఫోను చేయవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజులలో జవాబు ఇవ్వవలసి ఉంటుంది.

ఇక అధికారులకు ఒక్క మనవి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవారు ఊరికే అనలేదు. కొత్త పూజారిగా కంప్యూటరు వచ్చింది. అది లంచం అడగదు, నిజమే. కాని అది గడప దగ్గరకు వచ్చి పొయ్యి మీద కుండ ఉన్నదో లేదో చూడలేదు. అనుమానం వచ్చిన పేరును అది చూపించవచ్చు. కార్డు కొట్టివేసే ముందు మాత్రం ఒక మనిషి ఆ ఇంటికి వెళ్ళి, "ఏ మల్లయ్యవు?" అని అడగాలి.